వారపు సెలవు రోజు కాలిన చెయ్యి

ఆ చెయ్యి తిన్నది మీరే. లాండ్రీ ఓనరు గారూ, మీరే. ఆయన ఏమన్నా తల ఊపే సూపర్‌వైజర్ గారూ, మీరూ. ప్రమాదాల రిజిస్టర్ అనే పుస్తకాన్ని బీరువాలో పెట్టి, కొన్న నాటి నుంచి దానికి సిరా వాసన తగలనివ్వని ఆఫీసు గుమాస్తా గారూ, మీరూ. ముగ్గురూ కలిసి తిని, మూతి తుడుచుకుని, ఉత్తరం రాశారు: "సదరు ఉద్యోగిని ఆ రోజు వారపు సెలవులో ఉన్నారు. ఇంటి వద్ద ఇస్త్రీ పెట్టెతో కాల్చుకున్న చేతికి సంస్థ ఎటువంటి బాధ్యత వహించదు." కింద సంతకం, సంతకం మీద గుండ్రటి ముద్ర.

ఇంటి ఇస్త్రీ పెట్టె నాలుగు వేళ్ళను పైనుంచీ కిందనుంచీ ఒకేసారి ఎలా కాలుస్తుందో, కాల్చడంతో పాటు ఎలా నలుపుతుందో ఆ ముద్ర వేసినవాడే చెప్పాలి.

ఆ ఉత్తరాన్ని పొడుగక్క ఎడమ చేత్తో పట్టుకుని మూడుసార్లు చదివింది. కోపం రావాలి కదా, రాలేదు. ముందు మనసులోకి వచ్చిన మాట వేరు: ఇది పొట్టికి చూపించాలి. "సదరు ఉద్యోగిని" అన్న మాట దగ్గర పొట్టి పొట్ట పట్టుకుని నవ్వేది. వారం రోజుల పాటు లాండ్రీ అంతటా "సదరూ, ఇటు రా, సదరూ, బండి తొయ్యి" అని పిలిచేది.

కానీ పొట్టి కనిపించి మూడు నెలలైంది.

వాళ్ళకు ఆ పేర్లు లాండ్రీలోనే పడ్డాయి. ఒకావిడ గుమ్మాల దగ్గర తల వంచాల్సినంత పొడుగు, రెండో ఆవిడ అల్మారా పై అర అందుకోవడానికి బక్కెట్ బోర్లించాల్సినంత పొట్టి. ఆ ఇద్దర్నీ తెచ్చి ఒకే మిషన్ ముందు జంటగా నిలబెట్టిన సూపర్‌వైజర్ మొదటి రోజున పడీ పడీ నవ్వాడు. పదకొండేళ్ళ తర్వాత ఆ జంట కంటే వేగంగా దుప్పటి అందించగలవాళ్ళు ఆ లాండ్రీలో లేరని ఆయనే బయటివాళ్ళకు చూపించేవాడు.

అది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. ఉతికి, పిండి, ఇంకా చెమ్మ వదలని దుప్పట్లు చక్రాల బండ్ల మీద గుట్టలుగా వస్తాయి. గదికి అడ్డంగా పడుకున్నట్టు ఒక ఇస్త్రీ యంత్రం. పెద్ద పెద్ద రోలర్లు, లోపల ఆవిరి. దుప్పటికి నాలుగు మూలలు, మనిషికి రెండు చేతులు. అందుకే ఆ యంత్రం ముందు ఎప్పుడూ ఇద్దరు. దుప్పటి దులపాలి, అంచు లాగి సరిచెయ్యాలి, రోలర్ల మధ్య సందుకు అందించాలి. ఒకరు అర క్షణం ముందైతే దుప్పటి వంకర పోతుంది. ఎదుటి మనిషి ఎప్పుడు ఊపిరి పీల్చిందో కూడా తెలియాలి. వాళ్ళకు తెలిసేది.

యంత్రం హోరులో మాట వినపడదు. పెదాలు కదిపితే చాలు, రెండో మనిషి చదువుకునేది. పదకొండేళ్ళ కబుర్లన్నీ అలాగే నడిచాయి: మొగుడు పోయిన రోజుల్లో పొడుగక్క ఏడుపు, పొట్టి తల్లి మొండితనం, పొట్టి తమ్ముడి పెళ్ళి సంబంధాలు, అద్దె ఇంటి గోడ చెమ్మ, సూపర్‌వైజర్ విగ్గు. విగ్గు సంగతి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ పెదాలు కూడా బిగించి, దుప్పటి చాటున నవ్వుకునేవాళ్ళు.

ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి లాండ్రీ సైరన్ ఇంటిదాకా వినిపిస్తుంది. వినగానే పొడుగక్క కాళ్ళు వాటంతట అవే మంచం దిగుతాయి. దిగి, గది మధ్యలో నిలబడి, ఎక్కడికి పోవాలో తెలియక ఆగిపోతాయి.

"మళ్ళీ లేచావా?" అంటుంది అత్తగారు. "కూర్చోవే తల్లీ. ఆ కూత నీక్కాదు."

"తెలుసత్తయ్యా."

"తెలిస్తే మరి కాళ్ళకు చెప్పు."

ఒక రోజు అత్తగారు ఉతికి ఆరేసిన దుప్పటి తెచ్చి మంచం మీద పడేసింది. పొడుగక్కకు ఏమనిపించిందో, "అత్తయ్యా, అటు రెండు మూలలు పట్టుకోండి, మడుద్దాం" అంది. ఈమె ఒక మూల ఎడమ చేత్తో పట్టుకుంది, రెండోది కుడి మోచేతి మడతలో ఇరికించుకుంది. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే పూర్తిగా మిగిలింది. మిగతా నాలుగూ సగానికి కరిగి, అంటుకుపోయి, మెరుస్తూ ఉంటాయి. ముసలావిడ మూలలు పట్టుకుని నిలబడింది. ఒకసారి దులిపారు. ముసలావిడ చేతిలోంచి జారింది. రెండోసారి వంకర పోయింది. మూడోసారి ఇద్దరూ ఎదురెదురుగా నడిచి వచ్చేసరికి అంచులు కలవలేదు, జానెడు తేడా.

"నీ పొట్టి పిల్లతో మడిచినట్టు నాతో ఎక్కడవుతుందే" అంది అత్తగారు, ఊపిరి ఎగబోస్తూ. "అదైతే ఇంతసేపటికి వంద మడిచి నన్ను కూడా మడిచి పైన పెట్టేది."

పొడుగక్క నవ్వబోయింది. దుప్పటిని ఉండలా చుట్టి మూలన కూరేసింది.

"అది ఎందుకు రావట్లేదత్తయ్యా?" అంది గోడ వైపు తిరిగి.

"మొహం చెల్లక" అంది అత్తగారు. "లేకపోతే రానివ్వక. రెండిట్లో ఏదో ఒకటి. పోయి కనుక్కోరాదూ, కాళ్ళు బాగానే ఉన్నాయిగా."

కనుక్కోవడానికి అడ్డం ఏమిటో అత్తగారికి తెలుసు. ఊరికే దెప్పుతుంది, అంతే.

సంగతి ఇది. ఆ లాండ్రీలో సెలవు అడగడమంటే కొండను జరగమని అడగడమే. ఒక్క రోజు రాకపోతే జీతం కోత, దానికి తోడు నెలంతా సరిగ్గా వచ్చినందుకు ఇచ్చే బోనస్ గల్లంతు. అందుకని ఆడవాళ్ళు తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరికి తప్పనిసరి పని పడితే, ఆ రోజు వారపు సెలవున్న ఇంకొకరు వచ్చి, రానివాళ్ళ కార్డు గేటు దగ్గరి హాజరు మిషన్లో గుద్ది, వాళ్ళ బదులు పని చేస్తారు. ఇంకో వారం వాళ్ళు వీళ్ళ బదులు చేస్తారు. దీనికి 'రోజు బదులు' అని పేరు. కాగితం మీద లేదు. ఏళ్ళ తరబడి నడుస్తోంది. సూపర్‌వైజర్‌కు తెలియదా? ఆయనకు తెలియకుండా ఆ గేటు దాటి ఈగ కూడా రాదు. దుప్పట్ల లారీ వేళకు కదలాలి. కార్డు ఎవరిదైతే ఆయనకేం, దుప్పటి అందించేందుకు చేతులుంటే చాలు.

ఆ రోజు పొట్టి తల్లికి కంటి ఆపరేషన్. పొడుగక్కకు వారపు సెలవు. పొడుగక్కే పొట్టి కార్డు గుద్ది లోపలికి వెళ్ళింది, పొట్టి చోట ఆమె నిలబడింది, ఆమె చోట ఇంకొకావిడ. రోలర్ల ముందు వేళ్ళకు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలితే యంత్రం ఆగిపోవాలి. అది ఊరికే ఆగుతోందని, పని ఆలస్యమవుతోందని, సూపర్‌వైజర్ చెప్పగా దాన్ని చిరిగిన దుప్పటి పీలికతో పైకి కట్టేశారు. తడి అంచు ఒకటి మడత పడింది. పొడుగక్క సరిచేయబోయింది. పొట్టి అయితే ఆ మడతను ముందే చూసి తన వైపు లాగేది. కొత్త జంటకు ఆ లెక్క తెలియదు.

అంతే. దాని గురించి ఇంకా చెప్పడానికి ఏమీ లేదు. యంత్రం ఆగడానికి, కేక విని అవతలి మనిషి బటన్ దాకా పరిగెత్తినంత సేపు పట్టింది.

సూపర్‌వైజరే వ్యాన్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చీటీ రాసే మనిషితో, "ఇంట్లో ఇస్త్రీ పెట్టె మీద పడింది" అన్నాడు. పొడుగక్క చెవుల్లో ఆ మాట పడింది. పెదాలు కదిపింది. అది చదవగలిగిన మనిషి ఆ గదిలో లేదు. ఆ తర్వాత పొట్టి ఇంటికి వెళ్దామంటే, ఇద్దరూ కలిసి కనపడితే కార్డు సంగతి బయటపడి దాని పని పోతుందని భయం.

ఉత్తరం వచ్చిన మర్నాడు పొడుగక్క యూనియన్ గదికి వెళ్ళింది. సైకిల్ షాపు మీద ఒక గది, ఒక బల్ల, దాని వెనక ఒక మాస్టారు. బడి మాస్టారు కాడు. లేత్ మిషన్ మీద పనిచేస్తూ ఇనుప రవ్వ ఎగిరి ఒక కన్ను పోగొట్టుకున్న మనిషి. తన కేసు తానే చదువుకుని, తానే వాదించుకుని గెలిచాడు. అప్పటి నుంచి అందరి అర్జీలూ రాస్తున్నాడు గనక మాస్టారు అయ్యాడు. ఓపిక తక్కువ. ఉన్న ఒక్క కంటితోనే ఇద్దరి పెట్టు ఉరిమి చూసేవాడు.

ఉత్తరం చదివి బల్ల మీద పడేశాడు. "ఆ రోజు ఎవరి కార్డు మీద వెళ్ళావమ్మా?"

పొడుగక్క కుడిచేతిని కొంగు చాటుకు లాక్కుంది.

"నిన్నేనమ్మా. నేను అడక్కపోతే వాళ్ళడుగుతారు."

"నేను పనిలోనే ఉన్నానని రాయండి మాస్టారూ. కార్డు సంగతి వద్దు."

"ఎందుకు వద్దు? చట్టం అడిగేవి రెండే ముక్కలు. దెబ్బ పనిలో ఉండగా తగిలిందా? ఆ పని వల్ల తగిలిందా? గేటు దగ్గర ఏ కార్డు గుద్దావన్నది తర్వాతి మాట. నియమం తప్పావంటే మెమో ఇమ్మను, తిట్టుకోమను. కళ్ళ ముందే పని చేయించుకుని, చెయ్యి నలిగాక 'ఈవిడెవరో మాకు తెలియదు' అంటే కుదరదు. కాకపోతే ఆ రోజు ఆ కార్డు మనిషి తాను రాలేదని చెప్పాలి. అదొక్కటే ముడి."

"చెప్తే దాన్ని తీసేస్తారు."

"చెప్పకపోతే నీ చేతిని నువ్వే కాల్చుకున్నట్టు."

"దానికి తల్లి ఉంది మాస్టారూ. కళ్ళు కనపడవు. దాని కడుపు కొట్టి..."

"ఆగు!" మాస్టారు బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. కింద సైకిల్ షాపులో ఎవరో ఉలిక్కిపడ్డట్టు గంట మోగింది. "ఎవరమ్మా కడుపు కొట్టేది? నువ్వా? ఆ కడ్డీ నువ్వు కట్టావా? సెలవు ఇవ్వనిది నువ్వా? మీరిద్దరూ ఒకరి కడుపు ఒకరు కాపాడుకుంటూ కూర్చోండి, వాళ్ళు హాయిగా రెండూ కొట్టుకుపోతారు. అర్జీకి గడువుంటుంది. నీ మొహమాటానికి గడువు ఆగదు."

చివరికి ఆమె చెప్పినట్టే రాశాడు. రాస్తున్నంత సేపూ గొణుగుతూనే ఉన్నాడు. విచారణకు తేదీ పడింది.

విచారణకు వారం ముందు పొడుగక్క సాయంత్రం షిఫ్టు విడిచే వేళకు లాండ్రీ గేటు ఎదుట, రోడ్డుకు ఇవతల నిలబడింది. సాక్ష్యం అడగడానికి రాలేదు. అది తనకు తాను గట్టిగా చెప్పుకుంది. ఒక్కసారి చూసి పోదామని వచ్చింది. ఎలా ఉందో, తల్లి కళ్ళు ఎలా ఉన్నాయో, తన చోట ఇప్పుడెవరు నిలబడుతున్నారో. అది కూడా తెలుసుకోవాలనిపించింది. అదే ఎక్కువగా తెలుసుకోవాలనిపించింది, చెప్పుకోవడానికి సిగ్గేసేంతగా.

ఆడవాళ్ళు గుంపుగా బయటికొచ్చారు. జుట్టుకు అంటుకున్న దూది పోగులు, ఆవిరికి ఉబ్బిన మొహాలు. ఆ వాసన రోడ్డు దాటి వచ్చింది: సబ్బు, వేడి గుడ్డ, చెమట. పొడుగక్క పదకొండేళ్ళు విసుక్కున్న వాసన అది.

పొట్టి అందరికంటే వెనక వచ్చింది. చిక్కింది. తలెత్తింది, రోడ్డుకు అవతల పొడుగక్కను చూసింది, కాళ్ళకు మేకులు కొట్టినట్టు నిలబడిపోయింది.

మధ్యలో బస్సు వెళ్ళింది. బస్సు పోయాక చూస్తే, ఆమె వెనక సూపర్‌వైజర్ గేటుకు ఆనుకుని ఉన్నాడు. పొట్టి అతనికి వీపు పెట్టి నిలబడి పెదాలు కదిపింది. శబ్దం లేదు.

"అక్కా, పో. చూస్తున్నాడు."

పొడుగక్క పెదాలు కదిపింది. "అమ్మ?"

"కనపడుతోంది. ఒక కన్ను."

"నువ్వు?"

పొట్టి పెదాలు ఒకసారి వణికి ఆగాయి. మళ్ళీ కదిలాయి. "ఆ రోజు పనిలో ఉన్నది నేనేనని సంతకం పెట్టించుకున్నారక్కా."

అని చటుక్కున తిరిగి, గుంపు వెంట గబగబా నడిచిపోయింది. సందు మలుపు దాకా ఆ చిన్న వీపునే చూస్తూ నిలబడింది పొడుగక్క. వెంట పరిగెత్తి, భుజం పట్టి ఆపి, నాలుగు తిట్టి, నాలుగు మాటలు మాట్లాడాలని ఒళ్ళంతా లాగింది. రోడ్డు దాటలేకపోయింది.

విచారణ పొద్దున పదకొండింటికి. కార్మిక శాఖ ఆఫీసులో ఒక గది. ఒక పక్క బల్ల దగ్గర ఓనరు తరఫు లాయరు, సూపర్‌వైజర్, వాళ్ళ పక్కన, కుర్చీలో కాళ్ళు నేలకు అందక, పొట్టి. కంపెనీ సాక్షి.

"చూశావా" అన్నాడు మాస్టారు పొడుగక్క చెవిలో. "దాచావుగా. వాళ్ళు తెచ్చి కూర్చోబెట్టారు."

అధికారి నడివయసు ఆవిడ, కళ్ళజోడు. కాగితాలు తిరగేసి పొట్టి వైపు చూసింది. "మీ కార్డు ప్రకారం ఆ రోజు మీరు పనిలో ఉన్నారు. నిజమేనా?"

పొట్టి ఒళ్ళో చేతులు నలుపుకుంది. "ఉన్నానండి."

"మిషన్ దగ్గర ఈవిడ ఉన్నారా?"

పొట్టి గోడ గడియారం వైపు చూసింది, నేల వైపు చూసింది, పొడుగక్క కుడిచేతి వైపు చూసింది. అదే మొదటిసారి చూడటం. పొట్టి మొహంలో ఏదో కూలింది. పొడుగక్కకు అది తెలిసింది, ఎదుటి మనిషి ఊపిరి తెలిసినట్టే.

"మేడమ్, దాన్ని అడక్కండి" అంటూ పొడుగక్క లేచింది. మాస్టారు చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుంది. "అది రాలేదండి ఆ రోజు. దానికి తెలియకుండా నేనే కార్డు తీసి గుద్దాను. తప్పంతా నాది. దాన్ని పంపించెయ్యండి."

"అబద్ధం!" పొట్టి కుర్చీలోంచి దూకింది. "అబద్ధమండీ! నేనే ఇచ్చాను. ముందు రోజు ఇంటికెళ్ళి బతిమాలి ఇచ్చాను. మా అమ్మకు ఆపరేషన్."

"నోరు మూసుకోవే. నిన్నెవరడిగారు?"

"నువ్వు మూసుకో. నాలుగు నెలల్నుంచి మూసుకునే చచ్చాను. నా చోట నిలబడి నీ చెయ్యి పోయిందక్కా, నా చోట! అన్నం తినబోతే చెయ్యి కనపడుతోంది."

"అందుకని కనపడకుండా దాక్కున్నావా? గుమ్మంలోకి వచ్చి తిట్టినా బాగుండేదే నాకు! చూడాలనిపించి ప్రాణం పోయింది!"

"అమ్మా, అమ్మా" అంది అధికారి. ఇద్దరూ వినలేదు. లాయరు లేచి, ఇద్దరూ కలిసి సంస్థను మోసం చేసినట్టు వాళ్ళ నోటితోనే తేలిందన్నాడు.

"మోసమా?" పొట్టి గిర్రున తిరిగింది. "ఇదుగో, ఈ పెద్దమనిషి, గేటు దగ్గర నిలబడి 'తొందరగా రా పొడుగూ, లారీ పోతోంది' అని పిలిచాడట. ఆ రోజున్న వాళ్ళంతా చెప్తారు. ఏ కార్డు ఎవరిదో ఈయన దగ్గర చిన్న పుస్తకమే ఉంది, మేం తారుమారు కాకుండా! పనికి మా మొహాలు తెలుస్తాయి, దెబ్బ తగిలితే కార్డులు తెలుస్తాయా?"

సూపర్‌వైజర్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని సర్దుకున్నాడు. మాస్టారు ఒంటి కంటితో ఆ గదినంతా ఒకసారి చూసి, మెల్లిగా కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

పొట్టి వచ్చి పొడుగక్క పక్కన నిలబడింది. అడక్కుండానే, ఎడమ పక్కన, రోజూ నిలబడేంత దూరంలో. భుజం మోచేతికి తగిలింది. ఆ వెచ్చదనం కోసం నాలుగు నెలలు తాను ఎంత వేచి ఉందో పొడుగక్కకు అప్పుడు తెలిసింది. ఏడవకూడదనుకుని కిందకు చూసి, "కడ్డీ?" అంది మెల్లిగా. "విప్పారా?"

"లేదక్కా. ఇంకా పైకే కట్టి ఉంది. ఇవాళ నా బదులు కూడా ఎవరినో పెట్టారు."

అధికారి రాసుకుంటోంది. రాసి, కళ్ళజోడు తీసింది. "సరే. ఇద్దరి మాటలూ నమోదు చేశాను. ఆ పుస్తకమూ, ప్రమాదాల రిజిస్టరూ తీసుకురమ్మని సంస్థకు నోటీసు ఇస్తాను. వచ్చే నెల పద్దెనిమిదికి వాయిదా వేద్దాం."

"కుదరదు మేడమ్" అంది పొడుగక్క.

గదిలో అందరూ తలెత్తారు. ఆమె కుడిచేతిని బల్ల మీద పెట్టింది, కాగితాల మధ్య, అందరికీ కనపడేలా.

"వచ్చే నెల దాకా ఆ మిషన్ ఆగదు. ఇప్పుడు పదకొండున్నర, రెండో లారీ దుప్పట్లు దిగే వేళ. మా చోట ఎవరో ఇద్దరు నిలబడి అందిస్తున్నారు, అలవాటు లేని చేతులు. నాకివ్వాల్సింది మీరు లెక్క చూసి ఇప్పిస్తారు, ఇప్పించే దాకా వస్తూనే ఉంటాను. కానీ నేను ఆ రోజు పనిలో ఉన్నానని ఇవాళే, మా ఎదుటే రాయండి. నిజం చెప్పినందుకు దీన్ని రేపు పొద్దున గేటు బయట నిలబెట్టకూడదని దాని కిందే రాయండి. రాయబోయే ముందు, ఆ ఫోన్ తీసి, మిషన్ ఆపమని చెప్పండి. తీయండి మేడమ్. ఇప్పుడే."